గెలుపు ఓటముల మధ్య ఇల్లూరు సంజీవరెడ్డి

అనంతపురం జిల్లా గార్లదిన్నె మండలంలోని ఇల్లూరు ఒక మామూలు పల్లెటూరు. ఆ ఊరి రైతు కుటుంబంలో పుట్టిన నీలం సంజీవరెడ్డి 1946లో మద్రాసు శాసనసభకు ఎన్నికయ్యారు. ఆ తరువాత 31 ఏళ్లకు దేశానికి రాష్ట్రపతి అయ్యారు. మధ్యలో ముఖ్యమంత్రి, కాంగ్రెస్ అధ్యక్షుడు, కేంద్రమంత్రి, లోక్‌సభ స్పీకరు పదవులు నిర్వహించారు. ఈ పదవుల పేర్లు జిల్లాలో బడిపిల్లలు సైతం అప్పజెప్పగలరు. అయితే ఈ పదవుల నడుమ మూడు పెద్ద ఓటములున్న సంగతి నేటి తరంలో చాలామందికి తెలియదు. అందులో రెండు ఓటములు సొంత జిల్లా ప్రజల చేతిలోనే జరిగాయి. మూడోది రాష్ట్రపతి పదవికి జరిగిన పోటీలో స్వల్పమైన తేడాతో జరిగింది. ఆ ఓటములను వదిలి పదవులను మాత్రమే లెక్కపెడితే సంజీవరెడ్డి జీవితం సగమే అర్థమవుతుంది.

చదువు మాని ఖద్దరు

సంజీవరెడ్డి 1913 మే 19న ఇల్లూరులో జన్మించారు. తండ్రి నీలం చిన్నప్పరెడ్డి. మద్రాసు అడయారులోని దివ్యజ్ఞాన సమాజం వారి హైస్కూలులో చదువుకున్నారు. పిదప అనంతపురం ప్రభుత్వ ఆర్ట్సు కళాశాలలో చేరారు. 1929లో మహాత్మాగాంధీ ఆంధ్ర ప్రాంతంలో పర్యటించారు. ఆ పర్యటనలో అనంతపురం కూడా వచ్చారు. ఊరూరా జనం ఖద్దరు నిధికి నగలు, డబ్బు ఇచ్చిన రోజులవి. ఆ గాలి కళాశాల విద్యార్థులకూ సోకింది. 1931లో సంజీవరెడ్డి చదువుకు స్వస్తి చెప్పి స్వాతంత్ర్యోద్యమంలో దిగారు. 1935లో తరిమెల గ్రామానికి చెందిన నాగరత్నమ్మతో వివాహం జరిగింది. కమ్యూనిస్టు నాయకుడు తరిమెల నాగిరెడ్డి ఈమె సోదరుడే. ఈ బంధుత్వం ముందు ముందు జిల్లా రాజకీయాల్లో పెద్ద కథ అయింది.

1938లో, 25 ఏళ్ల వయసులో, ఆయన ఆంధ్ర రాష్ట్ర కాంగ్రెస్ కమిటీ కార్యదర్శి అయ్యారు. పదేళ్లపాటు ఆ పనిలోనే ఉన్నారు. 1940 నుంచి 1945 వరకు ఎక్కువ కాలం జైళ్లలో గడిచింది. 1942 మార్చిలో విడుదలై, క్విట్ ఇండియా ఉద్యమం రాగానే ఆగస్టులో మళ్లీ అరెస్టయ్యారు. అమరావతి జైలులో టంగుటూరి ప్రకాశం, సత్యమూర్తి, కామరాజ్, వి.వి.గిరి వంటి పెద్దలతో కలిసి ఉన్నారు. ఒకే జైలులో ఉన్న సంజీవరెడ్డి, గిరి ఇరువురూ 27 ఏళ్ల తరువాత దేశపు అత్యున్నత పదవికి ఎదురెదురుగా నిలవవలసి వచ్చింది.

శాసనసభలో మొదటి అడుగు

1946లో మద్రాసు శాసనసభకు ఎన్నికైన సంజీవరెడ్డి కాంగ్రెస్ శాసనసభాపక్షానికి కార్యదర్శి అయ్యారు. రాజ్యాంగాన్ని రూపొందించిన రాజ్యాంగ పరిషత్తులోనూ సభ్యులుగా ఉన్నారు. 1949 ఏప్రిల్‌లో కుమారస్వామి రాజా మంత్రివర్గంలో మద్యనిషేధం, గృహనిర్మాణం, అడవుల శాఖలకు మంత్రి అయ్యారు. అప్పటికి ఆయన వయసు 36 సంవత్సరాలు కూడా నిండలేదు.

1951లో మంత్రి పదవి వదులుకుని ఆంధ్ర కాంగ్రెస్ అధ్యక్ష పదవికి పోటీ చేశారు. ఎదుటి అభ్యర్థి సామాన్యుడు కాదు. రైతు నాయకుడిగా దేశమంతటా పేరున్న ఆచార్య ఎన్.జి.రంగా. ఆ పోటీలో సంజీవరెడ్డి గెలిచారు. దరిమిలా రంగాగారు కాంగ్రెస్‌ను విడిచి కృషికార్ లోక్ పార్టీ స్థాపించారు. ప్రకాశంగారూ అదే కాలంలో కాంగ్రెస్‌కు దూరమయ్యారు. పార్టీ సంజీవరెడ్డి చేతికి వచ్చింది గాని, అప్పటికే చీలిపోయి వచ్చింది.

ఆయన ఆంధ్ర కాంగ్రెస్ అధ్యక్షుడిగా ఉన్న కాలంలోనే ఇంట్లో పెద్ద దుఃఖం కలిగింది. అయిదేళ్ల కుమారుడు మోటారు ప్రమాదంలో మరణించాడు. ఆ దెబ్బకు ఆయన అధ్యక్ష పదవికి రాజీనామా చేశారు. సహచరులు నచ్చచెప్పిన మీదట దాన్ని ఉపసంహరించుకున్నారు.

బావ మీద బావమరిది గెలుపు

వయోజనులందరికీ ఓటుహక్కు వచ్చిన తరువాత తొలి సాధారణ ఎన్నికలు 1952లో జరిగాయి. అనంతపురం శాసనసభ స్థానానికి కాంగ్రెస్ తరఫున సంజీవరెడ్డి నిలిచారు. ఆంధ్ర కాంగ్రెస్‌కు అధ్యక్షుడు, మంత్రిగా పనిచేసినవారు. ఆయనపై కమ్యూనిస్టు పార్టీ తరిమెల నాగిరెడ్డిని నిలబెట్టింది. నాగిరెడ్డి అప్పుడు జైలులో ఉన్నారు. ఇల్లిల్లూ తిరిగి ఓటు అడగడానికి అభ్యర్థే ఊళ్లో లేడు. అయినా అనంతపురం ఓటర్లు నాగిరెడ్డినే గెలిపించారు.

పెద్ద భూస్వామి కుటుంబంలో పుట్టి పేద రైతుల పక్షం చేరిన నాగిరెడ్డి అంటే జనానికి గురి ఉండేది. దానికి తోడు కరువు, తిండిగింజల కొరత ఆనాటి ప్రభుత్వానికి చెడ్డపేరు తెచ్చాయి. మద్రాసు రాష్ట్రంలో పలువురు కాంగ్రెస్ మంత్రులు ఆ ఎన్నికల్లో పడిపోయారు. సంజీవరెడ్డి ఓటమి అందులో ఒకటి. కాని ఇంటి మనిషి చేతిలో జరిగిన ఓటమి కావడం వల్ల ఇది జిల్లాలో చాలాకాలం చెప్పుకునే మాట అయింది. 1957లో అనంతపురం నుంచి నాగిరెడ్డి లోక్‌సభకు కూడా వెళ్లారు. అప్పుడు రాష్ట్ర ముఖ్యమంత్రి సంజీవరెడ్డే.

ఈ ఓటమి తరువాత సంజీవరెడ్డి రాజ్యసభకు వెళ్లారు. శాసనసభకు మళ్లీ ఎన్నికైనప్పుడు సొంత జిల్లా నుంచి కాదు. 1955లో శ్రీకాళహస్తి నుంచి, 1962లో కర్నూలు జిల్లా డోన్ నుంచి గెలిచారు. ముఖ్యమంత్రిగా ఉన్న మనిషి పొరుగు జిల్లాల ఓటుతో సభకు వెళ్లడం అనంతపురం వారు గమనించకపోలేదు.

కర్నూలు నుంచి హైదరాబాదుకు

1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం అవతరించింది. సభలో కాంగ్రెస్ బలమే ఎక్కువ. అయినా ప్రకాశం పంతులుగారిని ముఖ్యమంత్రిగా అంగీకరించి, సంజీవరెడ్డి ఉపముఖ్యమంత్రిగా కుదురుకున్నారు. ఆ ప్రభుత్వం 1954 నవంబరులో మద్యనిషేధం వ్యవహారంపై వచ్చిన అవిశ్వాస తీర్మానంలో ఒక్క ఓటు తేడాతో పడిపోయింది. 1955 ఎన్నికల తరువాత బెజవాడ గోపాలరెడ్డి ముఖ్యమంత్రి కాగా, సంజీవరెడ్డి మళ్లీ ఉపముఖ్యమంత్రి అయ్యారు.

1956 ఫిబ్రవరి 20న ఢిల్లీలో ఆంధ్ర, తెలంగాణా నాయకుల మధ్య పెద్దమనుషుల ఒప్పందం కుదిరింది. ఆంధ్ర తరఫున సంతకం చేసిన నలుగురిలో సంజీవరెడ్డి ఒకరు. అదే సంవత్సరం నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడగా, ఆయన దానికి మొదటి ముఖ్యమంత్రి అయ్యారు. రాజధాని కర్నూలు నుంచి హైదరాబాదుకు తరలింది. మూడేళ్లు తిరిగేసరికి రాయలసీమ తన రాజధానిని కోల్పోయింది. ఆ మార్పుకు అధ్యక్షత వహించింది రాయలసీమ బిడ్డే.

ఒప్పందం ప్రకారం ముఖ్యమంత్రి ఒక ప్రాంతం వారయితే ఉపముఖ్యమంత్రి మరో ప్రాంతం వారు కావాలి. సంజీవరెడ్డి తన మొదటి మంత్రివర్గంలో ఉపముఖ్యమంత్రిని నియమించలేదు. తెలంగాణా వారు దీన్ని మాట తప్పడంగానే భావించారు. 1969లో ప్రత్యేక తెలంగాణా ఉద్యమం చెలరేగినపుడు చెప్పుకున్న ఫిర్యాదుల్లో ఇదీ ఒకటి. తరువాత 2014లో రాష్ట్రం విడిపోయేదాకా ఈ ప్రస్తావన వస్తూనే ఉంది. ఆయన పాలనపై వచ్చిన విమర్శలన్నిటిలో దీర్ఘకాలం నిలిచింది ఇదే.

పాలనలో చేసిన పనులూ తక్కువేమీ కాదు. 1958 జనవరిలో రోడ్డు రవాణా సంస్థ ఏర్పడింది. 1959 నవంబరు 1న పంచాయతీరాజ్ అమలులోకి వచ్చింది. రాజస్థాన్ తరువాత ఈ పద్ధతిని చేపట్టిన రెండో రాష్ట్రం ఆంధ్రప్రదేశే. పంచాయతీ, సమితి, జిల్లా పరిషత్తు అనే మూడు అంచెలు అప్పుడు వచ్చినవే. బడికి గది కావాలన్నా, ఊరికి బావి కావాలన్నా అంతవరకు కలెక్టరు కచేరీ చుట్టూ తిరిగిన రైతులకు సమితి ఆఫీసు దగ్గరలోకి వచ్చింది. నాగార్జునసాగర్ నిర్మాణం సాగింది. 1963లో ఆయన రెండోసారి ముఖ్యమంత్రిగా ఉండగా నెహ్రూ చేతులమీదుగా శ్రీశైలం ప్రాజెక్టుకు శంకుస్థాపన జరిగింది. ఆ జలాశయానికి తరువాత నీలం సంజీవరెడ్డి సాగర్ అని పేరు పెట్టారు.

బస్సుల కేసు, రాజీనామా

1960 జనవరిలో ఆయన ముఖ్యమంత్రి పదవి వదిలి అఖిల భారత కాంగ్రెస్ అధ్యక్షులయ్యారు. అంతకుముందు ఆ పదవిలో ఉన్నది ఇందిరాగాంధీ. బెంగుళూరు, భావనగర్, పాట్నా కాంగ్రెస్ మహాసభలు ఆయన అధ్యక్షతన జరిగాయి. ఇక్కడ ముఖ్యమంత్రిగా కర్నూలు జిల్లాకు చెందిన దామోదరం సంజీవయ్య వచ్చారు. 1962 ఎన్నికల తరువాత ఈ ఇద్దరూ ఒకరి చోటికి ఒకరు మారారు. సంజీవరెడ్డి మార్చిలో తిరిగి ముఖ్యమంత్రి కాగా, సంజీవయ్య కాంగ్రెస్ అధ్యక్షులయ్యారు.

రెండోసారి ముఖ్యమంత్రిత్వం రెండేళ్లు కూడా నిలవలేదు. కర్నూలు జిల్లాలో ప్రైవేటు బస్సు రూట్లను ప్రభుత్వం స్వాధీనం చేసుకోదలచింది. మిగతా జిల్లాలను వదిలి ఆ రూట్లనే ముందు ఎంచుకోవడం తన రాజకీయ ప్రత్యర్థులను దెబ్బతీయడానికేనని బస్సు యజమానులు కోర్టుకెక్కారు. ముఖ్యమంత్రిపై నేరుగా ఆరోపణ చేసినా, ఆయన దాన్ని ఖండిస్తూ ప్రమాణ పత్రం దాఖలు చేయలేదు. సుప్రీంకోర్టు ఈ సంగతిని ఎత్తిచూపి, ఆ పథకాన్ని కొట్టివేసింది. 1964 ఫిబ్రవరిలో సంజీవరెడ్డి రాజీనామా చేశారు.

దీన్ని రెండు విధాల చూడవచ్చు. బస్సు రూట్ల వ్యవహారంలో ఆయన ప్రభుత్వం తప్పు చేసిందని కోర్టు తేల్చింది. అది చెరిపివేయలేని మచ్చ. అయితే దిగిపొమ్మని కోర్టు ఆదేశించలేదు. సభలో మెజారిటీ ఆయనకే ఉంది. వ్యాఖ్య వచ్చిన తరువాత కుర్చీలో ఉండడం తగదని ఆయన దిగిపోయారు. కాసు బ్రహ్మానందరెడ్డి ముఖ్యమంత్రి అయ్యారు.

స్పీకరు కాగానే పార్టీకి సెలవు

నెహ్రూ మరణానంతరం లాల్‌బహదూర్ శాస్త్రి 1964 జూన్‌లో సంజీవరెడ్డిని ఉక్కు, గనుల శాఖ మంత్రిగా తీసుకున్నారు. ఇందిరాగాంధీ మంత్రివర్గంలో 1966 నుంచి రవాణా, విమానయానం, నౌకాయానం, పర్యాటక శాఖలు చూశారు. 1967లో హిందూపురం నుంచి లోక్‌సభకు ఎన్నికయ్యారు. 1952లో అనంతపురంలో ఓడిన పదిహేనేళ్లకు సొంత జిల్లా ఆయన్ను గెలిపించింది.

అదే ఏడాది మార్చి 17న లోక్‌సభ స్పీకరు పదవికి పోటీ జరిగింది. ప్రతిపక్షాలు నిలబెట్టిన అభ్యర్థి కూడా తెలుగువారే, విశాఖపట్నానికి చెందిన తెన్నేటి విశ్వనాథం. సంజీవరెడ్డికి 278, విశ్వనాథంగారికి 207 ఓట్లు వచ్చాయి. ఎన్నికైన వెంటనే సంజీవరెడ్డి కాంగ్రెస్ సభ్యత్వానికి రాజీనామా చేశారు. న్యాయం చెప్పే చోట కూర్చున్న వ్యక్తికి పార్టీ ఉండరాదన్నది ఆయన అభిప్రాయం. ఆ సభలో కాంగ్రెస్ బలం బాగా తగ్గి, ప్రతిపక్షాలు పుంజుకున్నాయి. అలాంటి సభను అదుపులో పెట్టి, అన్ని పక్షాలకూ మాట్లాడే అవకాశం ఇచ్చారన్న పేరు తెచ్చుకున్నారు. హరిజన, గిరిజనుల సంక్షేమాన్ని చూసే పార్లమెంటు సంఘం ఆయన హయాంలోనే ఏర్పడింది.

1969: అంతరాత్మ ఓటు

1969 మే 3న రాష్ట్రపతి జాకీర్ హుస్సేన్ పదవిలో ఉండగానే మరణించారు. కాంగ్రెస్‌లో అప్పటికే ప్రధాని ఇందిరాగాంధీకి, సిండికేటు అని పేరుపడ్డ పెద్దనాయకులకు పొసగడం లేదు. జులైలో బెంగుళూరులో సమావేశమైన పార్టీ పార్లమెంటరీ బోర్డు, ప్రధాని ఇష్టానికి భిన్నంగా సంజీవరెడ్డిని అభ్యర్థిగా నిర్ణయించింది. రెండేళ్ల క్రితం పార్టీని వదిలిన స్పీకరు ఇప్పుడు పార్టీ అభ్యర్థి అయ్యారు. జులై 19న స్పీకరు పదవికి రాజీనామా చేశారు. తాత్కాలిక రాష్ట్రపతిగా ఉన్న వి.వి.గిరి కూడా ఆ పదవి వదిలి స్వతంత్ర అభ్యర్థిగా రంగంలో దిగారు. మూడో ముఖ్య అభ్యర్థి సి.డి.దేశ్‌ముఖ్.

రాష్ట్రపతి ఎన్నికలో గ్రామాల ఓటర్లు నేరుగా ఓటు వేయరు. వారు ఎన్నుకున్న శాసనసభ్యులు, పార్లమెంటు సభ్యులు వేస్తారు. శాసనసభ్యుడి ఓటు ఒక్కటే అయినా దాని విలువ ఒకటి కాదు. రాష్ట్ర జనాభాను ఎన్నికైన శాసనసభ్యుల సంఖ్యతో భాగించి, వచ్చినదాన్ని మళ్లీ వెయ్యితో భాగిస్తే ఆ విలువ తేలుతుంది. ఓటు వేసేవారు అభ్యర్థుల పేర్ల ఎదుట 1, 2, 3 అని తమ ఇష్టక్రమం రాస్తారు. మొదటి లెక్కలో ఎవరికీ సగానికి మించి రాకపోతే, తక్కువ వచ్చినవారిని ఒక్కొక్కరినే తప్పించి వారి ఓట్లలోని తరువాతి ఇష్టాన్ని లెక్కిస్తారు.

పార్టీ ఆజ్ఞను పక్కనబెట్టి అంతరాత్మ ప్రబోధం ప్రకారం ఓటు వేయాలని ప్రధాని తన పార్టీ సభ్యులను కోరారు. మరోవైపు కాంగ్రెస్ అధ్యక్షుడు నిజలింగప్ప రెండో ప్రాధాన్య ఓట్ల కోసం జనసంఘ్, స్వతంత్ర పార్టీలతో మాట్లాడారు. అది ప్రధాని వర్గానికి మంచి ఆయుధమైంది. ఆగస్టు 16న పోలింగు జరిగింది. 20న లెక్కించారు.

మొదటి లెక్కలో గిరికి 4,01,515, సంజీవరెడ్డికి 3,13,548, దేశ్‌ముఖ్‌కు 1,12,769 విలువగల ఓట్లు వచ్చాయి. సగానికి మించి ఎవరికీ రాలేదు. దేశ్‌ముఖ్, ఇతర చిన్న అభ్యర్థుల ఓట్లలోని తరువాతి ప్రాధాన్యాలు లెక్కించగా ఎక్కువ భాగం సంజీవరెడ్డికే వచ్చాయి. ఆయన మొత్తం 4,05,427కు పెరిగింది. గిరి మొత్తం 4,20,077 అయింది. 14,650 తేడాతో గిరి గెలిచారు. అంతవరకు జరిగిన రాష్ట్రపతి ఎన్నికల్లో ఇంత దగ్గరి పోటీ లేదు. కొద్ది నెలలకే, నవంబరులో, కాంగ్రెస్ రెండుగా చీలిపోయింది.

ఈ ఎన్నికలో సంజీవరెడ్డి స్థితి చిత్రమైనది. ఆయనతో ప్రధానికున్న తగవు కన్నా, ఆయన్ను నిలబెట్టినవారితో ఉన్న తగవే పెద్దది. ఇద్దరి పోరులో ఆయన ఆయుధమయ్యారు. స్పీకరు పదవి పోయింది, రాష్ట్రపతి పదవి రాలేదు. 1971 ఎన్నికల్లో చీలిన కాంగ్రెస్‌లో సంస్థా కాంగ్రెస్ తరఫున సొంత జిల్లాలో మళ్లీ నిలిచి ఓడిపోయారు. నాలుగేళ్ల క్రితం గెలిపించిన జిల్లాయే ఈసారి ఆయన్ను వద్దన్నది. ఇందిరాగాంధీ పేరు మీద గాలి వీచిన ఎన్నికలవి.

ఇల్లూరులో సేద్యం

అటుపిమ్మట సంజీవరెడ్డి ఇల్లూరు చేరి వ్యవసాయం చూసుకున్నారు. స్పీకరుగా చేసిన మనిషి పొలం గట్ల మీద తిరుగుతుంటే ఇక రాజకీయ జీవితం ముగిసిందనే అంతా అనుకున్నారు. దాదాపు నాలుగేళ్లు ఆయన రాజకీయ సభల్లో కనిపించలేదు. 1975 మే 1న హైదరాబాదు సభలో జయప్రకాశ్ నారాయణ్‌తో కలిసి మళ్లీ వేదిక ఎక్కారు. రెండు నెలలు తిరగకముందే దేశంలో ఎమర్జెన్సీ వచ్చింది.

1977 మార్చి ఎన్నికల్లో జనతా పార్టీ అభ్యర్థిగా నంద్యాల నుంచి పోటీ చేశారు. ఉత్తరాదిలో కాంగ్రెస్ తుడిచిపెట్టుకుపోయింది. ఆంధ్రప్రదేశ్‌లో మాత్రం గాలి అటు వీచలేదు. రాష్ట్రంలోని 42 స్థానాల్లో 41 కాంగ్రెస్‌కే వచ్చాయి. మిగిలిన ఆ ఒక్కటీ నంద్యాల. రాష్ట్రమంతా ఒకవైపు ఉండగా రాయలసీమ ఓటర్లు ఆయన్ను ఒంటరిగా గెలిపించి పంపారు.

మళ్లీ అవే మెట్లు

1969లో ఎక్కబోయి జారిన మెట్లనే 1977లో మళ్లీ ఎక్కవలసి వచ్చింది. మార్చి 26న లోక్‌సభ ఆయన్ను ఏకగ్రీవంగా స్పీకరుగా ఎన్నుకున్నది. రాష్ట్రపతి ఫక్రుద్దీన్ అలీ అహ్మద్ ఫిబ్రవరిలోనే మరణించారు. ఆ స్థానానికి అభ్యర్థిగా మళ్లీ సంజీవరెడ్డి పేరే వచ్చింది. జులై 13న స్పీకరు పదవికి రాజీనామా చేశారు. ఎనిమిదేళ్ల క్రితం ఆయనకు వ్యతిరేకంగా ఓటు వేయించిన పక్షం కూడా ఈసారి అడ్డు చెప్పలేదు. మొత్తం 37 మంది నామినేషన్లు వేయగా, 36 తిరస్కరించబడ్డాయి. జులై 21న ఆయన ఎన్నికైనట్లు ప్రకటించారు. పోటీ లేకుండా ఎన్నికైన రాష్ట్రపతి దేశ చరిత్రలో ఆయన ఒక్కరే.

జులై 25న ప్రమాణం చేసేనాటికి ఆయన వయసు 64 సంవత్సరాలు. అంతవరకు రాష్ట్రపతులైన వారిలో ఆయనే చిన్నవారు. ఆ రికార్డు 2022లో ద్రౌపది ముర్ము వచ్చేవరకు నిలిచింది. పదవి చేపట్టిన మూడు వారాలకే, దేశంలో పేదలు ఉన్న స్థితిలో తనకు అంత జీతం తగదని చెప్పి, జీతంలో నూటికి 70 వంతులు వదులుకుంటున్నట్లు ప్రకటించారు.

1979 నాటి నిర్ణయం

రాష్ట్రపతిగా ఆయనకు అసలు పరీక్ష 1979 జులైలో వచ్చింది. జనతా పార్టీ చీలిపోయి మొరార్జీ దేశాయి రాజీనామా చేశారు. మొరార్జీ, చరణ్‌సింగ్ ఇద్దరూ తమకు బలముందని జాబితాలు ఇచ్చారు. రాష్ట్రపతి వాటిని పరిశీలించి చరణ్‌సింగ్‌ను ఆహ్వానించారు, సభలో బలం నిరూపించుకోవాలని గడువు పెట్టారు. జులై 28న ప్రమాణం చేసిన చరణ్‌సింగ్ మంత్రివర్గానికి ఇందిరా కాంగ్రెస్ మద్దతు ఉపసంహరించుకున్నది. ఆగస్టు 20న, లోక్‌సభ ముఖం చూడకుండానే, ఆయన రాజీనామా చేసి సభను రద్దు చేయాలని సలహా ఇచ్చారు.

అప్పటికి జనతా పార్టీ నాయకత్వం జగ్జీవన్‌రామ్ చేతికి వచ్చింది. తమకు అవకాశం ఇవ్వాలని ఆయన కోరారు. సంజీవరెడ్డి ఆ అవకాశం ఇవ్వకుండా ఆగస్టు 22న లోక్‌సభను రద్దు చేశారు. సభ విశ్వాసం పొందని ప్రధాని ఇచ్చిన సలహాను పాటించడం సరైనదా అన్న చర్చ అప్పుడు పెద్దయెత్తున లేచింది. జగ్జీవన్‌రామ్ ప్రధాని అయి ఉంటే దేశానికి తొలి హరిజన ప్రధాని అయ్యేవారు. ఆ అవకాశం చేజారడానికి రాష్ట్రపతే కారణమన్న నింద సంజీవరెడ్డిపై ఉండిపోయింది. మళ్లీ మళ్లీ పార్టీలు మార్చే సభ్యులతో మరో ప్రభుత్వం నిలవదు, ప్రజల వద్దకే వెళ్లడం మేలు అన్నది ఆయన్ను సమర్థించిన వారి వాదన. రాజ్యాంగం చదివేవారు ఈ ఘట్టాన్ని నేటికీ రెండు వైపులా తర్కిస్తుంటారు. స్పీకరుగా పార్టీలకతీతుడన్న పేరు తెచ్చుకున్న వ్యక్తికి, అంతకన్న పెద్ద పీఠం మీద ఆ పేరు నిలబెట్టుకోవడం కష్టమైంది.

ఎన్నికల్లో ఇందిరాగాంధీ భారీ మెజారిటీతో తిరిగి వచ్చారు. 1969లో తన ఓటమికి కారణమైన నాయకురాలి చేత 1980 జనవరి 14న ప్రధానిగా ప్రమాణం చేయించింది సంజీవరెడ్డే. తరువాత రెండున్నరేళ్లు ఇద్దరూ తమ తమ పదవుల్లో పనిచేశారు. 1982 జులైలో పదవి నుంచి దిగుతూ చేసిన ప్రసంగంలో, వరుసగా వచ్చిన ప్రభుత్వాలు సామాన్యుడి బతుకు మార్చలేకపోయాయని ఆయన విమర్శించారు. దేశానికి బలమైన ప్రతిపక్షం అవసరమని కూడా చెప్పారు.

జిల్లాకు తిరుగు ప్రయాణం

పదవీ విరమణ తరువాత బెంగుళూరులో స్థిరపడవలసిందిగా కర్నాటక ముఖ్యమంత్రి రామకృష్ణ హెగ్డే కోరారు. సంజీవరెడ్డి అనంతపురంలోని తన వ్యవసాయ క్షేత్రానికే వచ్చారు. 1989లో తన జ్ఞాపకాలను ఇంగ్లీషులో పుస్తకంగా వెలువరించారు. 1996 జూన్ 1న, 83 ఏళ్ల వయసులో, బెంగుళూరులో న్యుమోనియాతో కన్నుమూశారు. సమాధి కూడా అక్కడే ఉంది.

ఆయన రాజకీయ జీవితంలో జిల్లా ప్రజలు గ్రహించవలసిన సంగతి ఒకటున్నది. 1952లో ఓడించిన జిల్లాయే 1967లో గెలిపించింది, 1971లో మళ్లీ ఓడించింది. పదవిలో ఉన్నారనీ, ఇంటి మనిషనీ ఓటరు మొగమాటపడలేదు. ఓడినప్పుడు ఆయన ఓటరును నిందించనూ లేదు, ఊరు వదలి పోనూ లేదు. పార్టీ చీలికలో పోగొట్టుకున్నదాన్ని ఎనిమిదేళ్లు ఆగి, పోటీ లేకుండా అందుకున్నారు. పెద్దమనుషుల ఒప్పందం, కర్నూలు బస్సులు, 1979 నాటి సభ రద్దు ఆయన ఖాతాలో చెరగని పద్దులు. పంచాయతీరాజ్, శ్రీశైలం, స్పీకరు కాగానే పార్టీని వదిలిన తీరు కూడా ఆ ఖాతాలోవే. స్పీకరు పదవి చేపట్టగానే సొంత పార్టీ సభ్యత్వాన్ని వదులుకోవడం ఆయన తరువాత దేశంలో ఎప్పుడోగాని జరగలేదు. శాసనసభల్లోనూ, పార్లమెంటులోనూ స్పీకరు ఎవరి పక్షమన్న వివాదం లేచిన ప్రతిసారీ 1967 మార్చిలో ఇల్లూరు రైతుబిడ్డ చేసిన ఆ పని మళ్లీ ప్రస్తావనకు వస్తుంది.